వదలని బ్రేకు

ట్రాక్టరు లాగుతుంటే కారు కదిలింది గానీ, ఎడమవైపు వెనక చక్రం తిరగలేదు. తడి ఎర్రమట్టిలో నాగటి చాలులా గాడి పడింది. నేను పరుగెత్తుకెళ్లి ట్రాక్టరుకి అడ్డం నిలబడ్డాను. "ఆపు బాబూ, ఇంకో నాలుగు బారలు లాగితే టైరు అరిగిపోద్ది" అన్నాను.

ఆ కారు మా పక్కింటి మాస్టారిది. 1984 మోడల్ అంబాసిడర్, మార్క్ 4. ఆయన పోయాక రెండు వానాకాలాలు రేకుల షెడ్డులో అలాగే ఉండిపోయింది. షెడ్డు నేల కాస్త వాలుగా ఉంటుంది కాబట్టి, మాస్టారు ఎప్పుడూ హ్యాండ్ బ్రేకు గట్టిగా లాగి దిగేవారు. చివరిసారి కూడా అలాగే లాగి దిగారు. ఆ తర్వాత దాన్ని ముట్టుకున్నవాళ్లు లేరు. ఎడమవైపు రేకుకి చిల్లు పడి, ప్రతి వానకీ నీళ్లు ఆ చక్రం మీదే కారాయి.

పాత ఇనుము కొనేవాడు వచ్చి బేరం కూడా ఆడాడు. అప్పుడే విశాఖపట్నం నుంచి మాస్టారి అమ్మాయి వచ్చింది. "బాబాయ్, దసరాకి అమ్మని నాన్న కార్లోనే జగ్‌దల్‌పూర్ తీసుకెళ్లాలని ఉంది. అవుతుందా?" అని అడిగింది. ఏటా దసరాకి దంతెవాడ గుడి నుంచి అమ్మవారి డోలీ జగ్‌దల్‌పూర్ వెళ్తుంది. మాస్టారు, వదినగారు దాని వెనకే ఈ కార్లో వెళ్లేవారు. "అవుతుందమ్మా, కానీ లాగితే అవ్వదు. విప్పాలి" అన్నాను.

ఆ విప్పిన కథే ఇది. మీ ఇంట్లోనూ పెరట్లో ఓ పాత కారు నిలబడి ఉంటే పనికొస్తుందని రాస్తున్నాను.

కొండలో ఉన్నదే డ్రమ్ములోనూ

మా నాన్న విజయనగరం వైపు నుంచి 1960ల్లో డీబీకే రైల్వే పనులకి వచ్చి ఇక్కడ దంతెవాడలోనే ఉండిపోయాడు. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా కొండలు తొలిచి వేసిన లైను అది. బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి, అక్కడి నుంచి జపానుకి పంపడానికే దాన్ని వేశారు. నేను ఈ జిల్లాలోనే పెరిగాను. గని బళ్ల వర్క్‌షాపులో బ్రేకుల పని చేసి రిటైరయ్యాను.

బైలడిల్లా అంటే ఎద్దు మూపురం. దూరం నుంచి చూస్తే కొండ అలాగే కనిపిస్తుంది. అందులో ఉన్నది హెమటైట్, అంటే ఇనుము ప్రాణవాయువుతో కలిసిన రాయి. ఇనుప వస్తువు మీద నీరు, గాలి కలిసి పట్టించే తుప్పు కూడా దాదాపు అదే పదార్థం, కాస్త తేమతో కలిసి ఉంటుందంతే. కొలిమిలో ఎంతో వేడి పెట్టి రాయిలోంచి ఇనుమును విడదీస్తాం. మనం చూడకుండా వదిలేస్తే ఆ ఇనుము మళ్లీ రాయి వైపే నడుస్తుంది. జూన్ నుంచి అక్టోబరు దాకా వానలో నానే మా ఊళ్లో ఆ నడక ఇంకా వేగం. గుడి దగ్గర డంకినితో కలిసే శంఖిని నది నీళ్ల ఎరుపు చూసినవాళ్లకి ఈ మాట వేరే చెప్పక్కర్లేదు.

బ్రేకు డ్రమ్ము పోత ఇనుముతో చేసింది. దాని లోపలి ముఖానికి రంగు వెయ్యరు, వెయ్యకూడదు కూడా. అందుకే తేమ తగిలిన రాత్రికే లోపల పలచటి ఎర్రపొర వస్తుంది. రోజూ నడిచే బండిలో మర్నాడు మొదటి బ్రేకుకే ఆ పొర రాలిపోతుంది. నిలబడిపోయిన బండిలో మాత్రం అది మందమై, పక్కనున్న రాపిడి పట్టీకి, అంటే లైనరుకి, అతుక్కుంటుంది.

లోపల ఏం జరుగుతుంది

డ్రమ్ము బ్రేకుని ఒక సత్తు గిన్నెలా ఊహించుకోండి. గిన్నె చక్రంతో పాటు తిరుగుతుంది. లోపల నెలవంక ఆకారంలో రెండు బ్రేకు షూలు తిరగకుండా ఉంటాయి. వాటి వీపు మీద రాపిడికి తట్టుకునే లైనరు ఉంటుంది. మీరు పెడల్ తొక్కగానే మాస్టర్ సిలిండర్ బ్రేక్ ఆయిల్‌ని తోస్తుంది. ఆ ఒత్తిడి సన్నటి గొట్టాల గుండా చక్రం దగ్గరున్న వీల్ సిలిండర్‌కి చేరి, అందులోని పిస్టన్లని బయటికి నెడుతుంది. పిస్టన్లు షూలని గిన్నె గోడకి అదుముతాయి. కాలు తియ్యగానే స్ప్రింగులు షూలని వెనక్కి లాగేస్తాయి. వదిలినప్పుడు లైనరుకీ గోడకీ మధ్య ఉండే సందు ఒక మిల్లీమీటరు కూడా ఉండదు.

హ్యాండ్ బ్రేకుకి ఆయిల్‌తో పనిలేదు. ఇనుప తీగ వెనక చక్రాల్లోని చిన్న మీటని లాగి, అవే షూలని అదుముతుంది.

1902లో ఫ్రాన్సులో లూయీ రెనో తన కార్లకి ఈ పద్ధతి పెట్టాడు. డ్రమ్ము తిరిగే దిక్కున ఉన్న షూ, రాపిడి వల్ల తనంతట తానే గోడలోకి ఇంకా బిగుసుకుంటుంది. అందుకే తక్కువ బలంతో తొక్కినా గట్టిగా పడుతుంది. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ నమూనాగా హిందుస్తాన్ మోటార్స్ వాళ్లు కలకత్తా దగ్గర ఉత్తరపారాలో అంబాసిడర్ చేశారు. 1950ల చివర మొదలైన ఆ తయారీ 2014లో ఆగింది. మాస్టారి మార్క్ 4కి నాలుగు చక్రాలకీ డ్రమ్ములే. ఈనాటి చిన్న కార్లలోనూ చాలావాటికి ముందు డిస్కు ఉన్నా, వెనక డ్రమ్మే ఉంది. కాబట్టి ఇది పాత బళ్లకి మాత్రమే వచ్చే జబ్బు కాదు.

ఎందుకు పట్టుకుందో ముందు తెలియాలి

నేను పనిలో చేరిన కొత్తలో, ఇలాగే జామైన డ్రమ్ముని పెద్ద సుత్తితో అంచు మీద కొట్టాను. పోత ఇనుము వంగదు, పగులుతుంది. డ్రమ్ము రెండు చెక్కలైంది. నాకు పని నేర్పిన పెద్ద మేస్త్రి తిట్టలేదు. పగిలిన ముక్కని నా చేతిలో పెట్టి, "ఎందుకు పట్టుకుందో తెలీకుండా కొట్టకురా" అన్నాడు. ఆ తర్వాత ఏ బండి వచ్చినా, సుత్తి ఎత్తేముందు నేను వేసుకునే మొదటి ప్రశ్న అదే.

బ్రేకు వదలకపోవడానికి ముఖ్యంగా నాలుగు కారణాలు. హ్యాండ్ బ్రేకు తీగ తన తొడుగులో తుప్పుపట్టి వెనక్కి జారకపోవడం ఒకటి. వీల్ సిలిండర్‌లో పిస్టను బిగుసుకుపోవడం రెండోది. ఆయిల్ ఒత్తిడి వెనక్కి రాకుండా ఎక్కడో ఆగిపోవడం మూడోది. పాత రబ్బరు గొట్టం పైకి బాగానే కనిపించినా లోపల ఉబ్బి, ఆయిల్‌ని వెళ్లనిస్తుంది గానీ తిరిగి రానివ్వదు. నాలుగోది, లైనరు నేరుగా డ్రమ్ముకి అతుక్కుపోవడం.

మాస్టారి అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కొక్కటీ వరసగా చూశాం. ముందు మిగతా మూడు చక్రాలకీ అటూ ఇటూ చెక్కదిమ్మలు పెట్టాం. చక్రం నేల మీద ఉండగానే నట్లు వదులు చేశాం. తర్వాత జాకీ ఎత్తి, ఇరుసు కింద ఇనుప స్టాండు పెట్టాం. ఇటుకలు పెట్టొద్దు, బరువుకి ఒక్కసారిగా చిట్లిపోతాయి. ఒట్టి జాకీని నమ్ముకుని బండి కిందకి దూరొద్దు. జాకీ జారి చేతులు పోగొట్టుకున్నవాళ్లని నేను కళ్లారా చూశాను.

హ్యాండ్ బ్రేకు దించి, తీగ బిగించే నట్టు పూర్తిగా వదులు చేశాం. చక్రం తిరగలేదు. అంటే తప్పు ఒక్క తీగదే కాదు.

తర్వాత డ్రమ్ము వెనకుండే పళ్లెం దగ్గరున్న, గాలి తీసే బ్లీడింగ్ నిపుల్ కొద్దిగా విప్పాం. ఒత్తిడి లోపల ఆగిపోయి ఉంటే, ఇది విప్పగానే ఆయిల్ చిమ్మి చక్రం వదులవుతుంది. అలా వదిలితే దోషం గొట్టంలోనో మాస్టర్ సిలిండర్‌లోనో ఉన్నట్టు. మాకు టీ డికాక్షన్ రంగులో నాలుగు చుక్కలు కారాయి, చక్రం బిగుసుకునే ఉంది. నిపుల్ బిగించేశాం.

"అయితే అతుక్కుపోయిందన్నమాటే కదా బాబాయ్?" అంది అమ్మాయి. అవును. పిస్టను సంగతి లోపల చూస్తే గానీ తేలదు. ఆ రెండు పరీక్షలకీ కలిపి అరగంట కూడా పట్టలేదు.

ఇంజిను నడిచే బండి అయితే ఇక్కడ ఇంకో ప్రయత్నం ఉంది. బండిని నేల మీదే ఉంచి, మొదటి గేరులో కొద్దిగా ముందుకి, రివర్సులో కొద్దిగా వెనక్కి, ఊయల ఊపినట్టు మెత్తగా కదపాలి. ముందుకి వదలని షూ ఒక్కోసారి వెనక్కి కదిపితే టప్పున వదులుతుంది. రెండు మూడు సార్లకి వదలకపోతే ఆపేయాలి. బలవంతం చేస్తే అతుక్కున్న లైనరు షూ నుంచి ఊడి డ్రమ్ములో అడ్డం పడుతుంది, లేదా క్లచ్చు కాలుతుంది.

ఒక రాత్రి నానబెట్టి

చక్రం ఊడదీశాం. డ్రమ్ముని హబ్బుకి పట్టి ఉంచే మరలు రెండుంటాయి. వాటి తలల మీద, హబ్బు చుట్టూ ఉన్న సన్న గీత మీద తుప్పు వదిలించే నూనె చుక్కలు చుక్కలుగా వేశాం. నూనె ఎక్కడ వెయ్యాలో ఎంత ముఖ్యమో, ఎక్కడ వెయ్యకూడదో అంతకన్నా ముఖ్యం. డ్రమ్ము వెనక సందులోంచి పోస్తే అది లైనరుని తడుపుతుంది. నూనె తాగిన లైనరు మళ్లీ బ్రేకు పట్టదు. కడిగినా కాల్చినా లాభం లేదు, పారేయాల్సిందే.

ఆ రాత్రి అలాగే వదిలేశాం. పొద్దున్నే స్క్రూడ్రైవర్ మరలో ఆనించి, వెనక నుంచి సుత్తితో రెండు దెబ్బలు గట్టిగా వేసి తిప్పితే రెండూ కదిలాయి.

అప్పుడు డ్రమ్ము ముఖం మీద గట్టి చెక్కముక్క ఆనించి, దాని మీద సుత్తితో తట్టడం మొదలుపెట్టాం. ఒక్కచోటే కొట్టకూడదు. చుట్టూ తిరుగుతూ వెయ్యాలి. చక్రం బోల్టుల మీద, పలచటి అంచు మీద దెబ్బ పడకూడదు. పగలగొట్టడం కోసం కాదు ఈ తట్టడం. ప్రతి దెబ్బకీ డ్రమ్ము రవ్వంత కంపిస్తుంది, ఆ కంపనానికే తుప్పు పొర చిట్లుతుంది.

చెవి పెట్టి వినమన్నాను అమ్మాయిని. మొదట "డబ్ డబ్" మని మూగగా పలికింది, నీళ్లు నిండిన బిందెని తట్టినట్టు. లైనరు అతుక్కుని ఉన్నంతసేపూ డ్రమ్ము మోగదు. ఇరవై నిమిషాలకి ఒక దెబ్బ "ఠంగ్" మంది. సుత్తి అప్పుడు ఆమె చేతిలోనే ఉంది. నా వైపు చూసింది. రెండు చేతులతో డ్రమ్ము పట్టుకుని తిప్పితే గరగరమంటూ పావు చుట్టు తిరిగింది. రెండేళ్ల తర్వాత మొదటిసారి. అరుగు మీద కూర్చుని చూస్తున్న వదినగారు లేచి లోపలికెళ్లి టీ పెట్టారు.

డ్రమ్ము తిరిగింది గానీ ఊడి రాలేదు. ఏళ్ల తరబడి రాసుకుని డ్రమ్ము లోపల గోతిలా అరుగుతుంది, అంచు దగ్గర గట్టు మిగులుతుంది. షూలు ఆ గట్టుకి తగులుకుంటాయి. షూల సందు సరిచేసే అడ్జస్టరుని వదులు వైపు తిప్పితే షూలు లోపలికి ముడుచుకుంటాయి. అలా చేసి, అటూ ఇటూ ఆడిస్తూ లాగితే డ్రమ్ము చేతిలోకొచ్చింది.

గ్యాస్ మంటతో వేడిచేసే మేస్త్రీలూ ఉన్నారు. లోపల రబ్బరు వాషర్లు, మంట అంటుకునే బ్రేక్ ఆయిల్ ఉంటాయి. ఇంటి దగ్గర చేసుకునేవాళ్లు ఆ జోలికి పోవద్దు.

ఊదొద్దు, తుడవండి

డ్రమ్ము తియ్యగానే నల్లటి పొడి రాలుతుంది. చాలామంది నోటితో ఊదుతారు, లేదా పంక్చరు షాపు గాలి పడతారు. దయచేసి ఆ పని చెయ్యకండి. పాత లైనర్లలో ఆస్‌బెస్టాస్ కలిపేవారు. ఆ ధూళి ఊపిరితిత్తుల్లో చేరితే ఏళ్ల తర్వాత క్యాన్సరుగా బయటపడవచ్చు. మా కాలంలో మాకు ఎవరూ చెప్పలేదు. సన్నధూళిని ఆపే మాస్కు పెట్టుకుని, నీళ్లు చిలకరించి, తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డని మూటకట్టి పారేయండి.

లోపల చూస్తే లైనరు ముక్క ఒకటి డ్రమ్ముకే అంటుకుని ఉంది. రివెట్ల తలలు దాదాపు బయటపడ్డాయి. వీల్ సిలిండర్ తొడుగు ఎత్తితే లోపల తెల్లటి, గోధుమరంగు ముద్ద. ఒక పిస్టను కదిలింది, రెండోది కదల్లేదు. అంటే మేం లైనరు వదిలించి ఊరుకుంటే, మొదటి బ్రేకుకే మళ్లీ పట్టేసేది.

ఇది బ్రేక్ ఆయిల్ చేసిన పని. ఆ ఆయిల్ గాలిలోని తేమని ఉప్పులా పీల్చుకుంటుంది. ఆ నీరు లోపలి నుంచి ఇనుముని తింటుంది. ఇంకో ప్రమాదమూ ఉంది. డాట్ 3 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని ప్రమాణం. తేమ పట్టాక ఆ హద్దు 140 డిగ్రీలకి దిగుతుంది. ఘాట్ దిగేటప్పుడు వేడికి ఆయిల్ మరిగితే ఆవిరి బుడగలు వస్తాయి, పెడల్ మెత్తగా నేలకి దిగిపోతుంది. అందుకే బండి నడిచినా నడవకపోయినా రెండేళ్లకోసారి ఆయిల్ మార్చాలి.

విశాఖలో పాత అంబాసిడర్ సామాన్లు దొరికే కొట్టు నుంచి వీల్ సిలిండర్లు, లైనర్లు, రబ్బరు గొట్టాలు తెప్పించాం. ఒకవైపు పాడైనా లైనర్లు రెండువైపులా మార్చాలి. లేకపోతే బ్రేకు వేసినప్పుడు బండి ఒక పక్కకి లాగుతుంది. డ్రమ్ముని లేతు మీద పలచగా కోత పెట్టించి గట్టు తీయించాం. హ్యాండ్ బ్రేకు తీగ కూడా కొత్తది వేశాం. వెనక పళ్లెం మీద షూ ఆనే చోట్ల మాత్రం గోరంత గ్రీజు రాశాం. బ్రేకు రబ్బర్లకి కిరసనాయిలు, పెట్రోలు తగలకూడదు, ఉబ్బిపోతాయి.

రైలుకీ ఇదే జబ్బు

సామాను కోసం ఎదురుచూసిన నాలుగు రోజుల్లో అమ్మాయి అడిగింది: "బ్రేకు పడకపోతే ప్రమాదం గానీ, వదలకపోతే బండి కదలదు, అంతే కదా బాబాయ్?"

మా నాన్న లైను మీదకి తీసుకెళ్లి చూపించాలనిపించింది. రైల్వేవాళ్లు దీన్ని బ్రేక్ బైండింగ్ అంటారు. ఒక వ్యాగన్ బ్రేకు వదలకపోయినా ఇంజిను బలానికి రైలు కదిలిపోతుంది. ఆ చక్రం మాత్రం రాసుకుంటూ ఎర్రగా కాలుతుంది. పూర్తిగా తిరగడం ఆగిపోతే పట్టా మీద ఈడ్చుకుపోయి, ఒకచోట చదునుగా అరుగుతుంది. అందుకే రైలు స్టేషన్ దాటేటప్పుడు సిబ్బంది జెండా పట్టుకుని నిలబడి చక్రాల వైపు చూస్తారు. పొగ, నిప్పురవ్వలు కనిపిస్తే ఎర్రజెండా ఎత్తుతారు.

కారులోనూ అంతే. సగం పట్టిన బ్రేకుతో బండి నడుస్తుంది, నడిపేవాడికి తెలీదు. పెట్రోలు ఎక్కువ తాగుతుంది, కాలిన వాసన వస్తుంది. ఆ వేడికి హబ్బు గ్రీజు కరిగి బేరింగు పోతుంది, ఆయిల్ మరుగుతుంది. చివరికి అసలు బ్రేకే పడకుండా పోతుంది. పట్టుకున్నది సమయానికి వదలకపోతే, పట్టాల్సిన సమయానికి పట్టదు.

గీదం దాకా

బిగించాక కొత్త ఆయిల్ పోసి గాలి తీశాం. మాస్టర్ సిలిండర్‌కి అన్నిటికన్నా దూరంగా ఉన్న ఎడమ వెనక చక్రంతో మొదలుపెట్టి, దగ్గరి దాంతో ముగించాం. అమ్మాయి పెడల్ తొక్కింది, నేను నిపుల్ దగ్గర కూర్చున్నాను. బుడగలు ఆగి, ఆయిల్ దారంలా వచ్చేదాకా ఓపిక పట్టాం. ఇంజిను పని వేరే మేస్త్రి చేశాడు. టైర్లు కొత్తవి వేశాం.

దసరాకి వారం ముందు తెల్లవారుజామున ముగ్గురం గీదం దాకా వెళ్లి వచ్చాం. పన్నెండు కిలోమీటర్లు వెళ్లడం, పన్నెండు రావడం. జగ్‌దల్‌పూర్ దారిలో బాస్తానార్ ఘాట్ ఉంది కాబట్టి, ముందు చదునైన రోడ్డు మీదే పరీక్షించాలన్నాను. దారిలో రెండుసార్లు ఖాళీ రోడ్డు చూసి గట్టిగా బ్రేకు వేయించాను. బండి ఏ పక్కకీ లాగకుండా తిన్నగా ఆగింది.

ఇంటికొచ్చాక అమ్మాయి అలవాటుగా హ్యాండ్ బ్రేకు మీద చెయ్యి వేసింది. "వద్దమ్మా. వానాకాలంలో బండి రోజుల తరబడి నిలబెట్టాలంటే మొదటి గేరులో పెట్టు, చక్రాలకి దిమ్మలు వెయ్యి, హ్యాండ్ బ్రేకు దించేసెయ్. వారానికోసారి వీధి చివరిదాకా తిప్పు. నీళ్లలో నడిచి వస్తే, ఆపేముందు నాలుగుసార్లు మెల్లగా బ్రేకు తొక్కుతూ రా. ఆ వేడికి లోపల ఆరిపోతుంది" అన్నాను. ఆమె దిగి దిమ్మలు తెచ్చి తనే పెట్టింది.

తర్వాత వంగి, అరచెయ్యి తిప్పి చేతి వెనకభాగం చక్రం దగ్గరికి పోనిచ్చాను. వేడి చూడ్డానికి వేళ్లు ఆనించకూడదు, కాలితే తెలిసేలోపే బొబ్బ లేస్తుంది. కుడివైపు వెచ్చగా ఉంది. ఎడమవైపు చూశాను. అదీ అంతే వెచ్చగా ఉంది. వదినగారు అరుగు మీంచి అడిగారు, "ఏమైందయ్యా?" అని.

"వదిలిందమ్మా. రెండూ ఒక్కలాగే ఉన్నాయి" అన్నాను.